మరణించినవారికా, మిగిలినవారికా? క్రైస్తవ అంత్యక్రియలు, ఆదరణ మాటలపై ఒక సమీక్ష

క్రైస్తవ కుటుంబంలో ఎవరైనా కన్నుమూస్తే, ఆ ఇంట్లో ఏడుపు సద్దుమణగక ముందే కొన్ని ప్రశ్నలు తలెత్తుతాయి. ప్రార్థన ఇంటి దగ్గర జరపాలా, గుడికి తీసుకెళ్లాలా? సాక్ష్యం ఎవరెవరు చెప్పాలి? వాక్యం ఎవరి కోసం చెప్పాలి: ఏడుస్తున్న కుటుంబం కోసమా, వెనక నిలబడ్డ బంధుమిత్రుల కోసమా? చనిపోయినవారి ఆత్మ కోసం ప్రార్థించవచ్చా? మూడో రోజు సమాధి దగ్గరికి వెళ్లడం విశ్వాసమా, వదలని పాత ఆచారమా? పైకి ఇవి ఏర్పాట్ల గురించిన ప్రశ్నల్లా ఉంటాయి. నిజానికి ఒక్కోదాని వెనక వందల ఏళ్ల వాదం ఉంది. కేథలిక్, లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., పెంతెకొస్తు సంఘాలు పక్కపక్కనే ఉన్న తెలుగు ఊళ్లలో ఒకే కుటుంబంలోని అన్నదమ్ములే ఈ వాదంలో చెరోవైపు నిలబడటం కొత్తేమీ కాదు.

వాదమంతా ఒక మూల ప్రశ్న దగ్గరికి చేరుతుంది. అంత్యక్రియల ఆరాధన ఎవరి కోసం?

మూడు పనులు, ఒకే గంట

క్రైస్తవ భూస్థాపన ఆరాధన మూడు పనులు చేస్తుంది. చనిపోయినవారిని దేవుని చేతికి అప్పగిస్తుంది. పునరుత్థాన నిరీక్షణను అందరి ముందూ ప్రకటిస్తుంది. దుఃఖంలో ఉన్నవారిని ఆదరిస్తుంది. మూడూ అవసరమేనని దాదాపు అన్ని సంఘాలూ ఒప్పుకుంటాయి. ఏది ముందు, ఏది ఎంత అన్న దగ్గరే పేచీ.

కొత్త నిబంధనలో అంత్యక్రియల క్రమమంటూ ఏదీ లేదు. స్తెఫనును పాతిపెట్టిన భక్తులు అతని కోసం బాగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దంటాడు. విశ్వాసి ఏడవకూడదన్నదే దీని భావమని ఒక వర్గం చాలాకాలం బోధించింది. పౌలు వద్దన్నది దుఃఖాన్ని కాదు, ఆశ వదులుకున్న దుఃఖాన్ని అని మరో వర్గం అంటుంది. స్తెఫను ప్రస్తావన ఈ రెండో వాదానికే బలం.

యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో ఇంకా సూక్ష్మమైన సంగతి ఉంది. లాజరు చనిపోయాక మార్త, మరియ వేర్వేరుగా యేసు దగ్గరికి వచ్చి ఒకే ఫిర్యాదు చేస్తారు: నువ్వు ఇక్కడ ఉండి ఉంటే సోదరుడు చనిపోయేవాడు కాదని. మార్తకు యేసు పునరుత్థానాన్ని గురించి చెబుతాడు. మరియ ఏడుపు చూసినప్పుడు మాత్రం ఏ బోధా చేయడు. తానూ కన్నీరు పెడతాడు. ఒకే మరణం, ఒకే మాట, రెండు జవాబులు. ఆదరణకు ఒకే మూస వెతికేవాళ్లందరికీ ఈ అధ్యాయం అడ్డు తగులుతుంది.

చరిత్ర: కీర్తనల నుంచి మౌనం దాకా

తొలి శతాబ్దాల సంఘం మరణాన్ని విజయంగా చూడటానికి ప్రయత్నించింది. 252 ప్రాంతంలో కార్తేజిని మహమ్మారి కుదిపేసినప్పుడు బిషప్ సిప్రియన్, చనిపోయినవారు పరలోకంలో తెల్లని వస్త్రాలు ధరించారు గనుక ఇక్కడ మనం నల్లబట్టలు కట్టకూడదని రాశాడు. నాలుగో శతాబ్దంలో జాన్ క్రిసోస్తమ్, కూలికి ఏడ్చే స్త్రీలను పిలిపించడాన్ని తీవ్రంగా ఖండించాడు. సమాధికి వెళ్లే దారిలో కీర్తనలే వినిపించాలన్నది ఆయన పట్టు. అదే కాలానికి చెందిన ‘అపొస్తలుల నియమావళి’ అనే గ్రంథం మరణం తర్వాత మూడో రోజున, తొమ్మిదో రోజున, నలభయ్యో రోజున, సంవత్సరం నాడు స్మరణ జరపమంది. మూడో రోజుకు అది చూపిన కారణం క్రీస్తు పునరుత్థానమే. తూర్పు సంఘాల్లో ఈ లెక్క నేటికీ నడుస్తోంది.

అగస్టీన్ దగ్గర రెండు ధోరణులూ కలిసి ఉన్నాయి. 387లో ఓస్తియాలో తల్లి మోనికా మరణించినప్పుడు ఆయన సమాధి దగ్గర కన్నీళ్లు ఆపుకున్నాడు. తర్వాత ఒంటరిగా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ సంగతి ‘ఒప్పుకోళ్లు’ గ్రంథంలో తానే రాసుకున్నాడు. అంత్యక్రియల ఆర్భాటం బతికున్నవారికి ఓదార్పే గాని చనిపోయినవారికి సాయం కాదని ఒకచోట అన్నాడు. ప్రార్థన, దానం, ప్రభువు బల్ల మాత్రం చనిపోయినవారికి ఉపయోగపడతాయని మరోచోట వాదించాడు. అందుకే తర్వాతి కాలంలో ఇరుపక్షాలూ ఆయన్నే సాక్ష్యంగా పిలిచాయి.

మధ్యయుగంలో మొగ్గు చనిపోయినవారి వైపు వెళ్లింది. క్లూనీ మఠాధిపతి ఓడిలో పదకొండో శతాబ్దం తొలినాళ్లకల్లా నవంబరు 2ను సకల ఆత్మల స్మరణ దినంగా స్థిరపరిచాడు. 1274లో లియోన్ మహాసభ శుద్ధీకరణ స్థలం గురించిన బోధకు అధికార రూపమిచ్చింది. ఆరాధనలో వెలుగు తగ్గి తీర్పు భయం పెరిగింది. బతికున్నవారి ప్రార్థన చనిపోయినవారికి చేయూత అన్న నమ్మకం ఇరు లోకాల మధ్య బంధాన్ని నిలిపింది. ధనికులు పూజలు కొనిపెట్టుకునే వ్యాపారానికీ అదే తోవ తీసింది.

సంస్కరణోద్యమం ఆ బంధాన్ని తెంచింది. లూథర్ పూజలను తీసేశాడు గాని పాటను, ప్రసంగాన్ని ఉంచాడు. 1532లో సాక్సనీ ప్రభువు యోహాను అంత్యక్రియల్లో ఆయన ప్రసంగించింది థెస్సలొనీకయుల పత్రిక మీదే. తర్వాతి జర్మనీలో చనిపోయినవారి జీవిత కథతో కలిపి భూస్థాపన ప్రసంగాలను అచ్చువేయడం పెద్ద ఒరవడి అయింది. కాల్విన్ బాటలో నడిచినవారు ఇంకా ముందుకెళ్లారు. 1560లో స్కాట్లండ్ సంస్కర్తలు సమాధి దగ్గర పాటా పఠనమూ వద్దన్నారు. 1645 నాటి వెస్ట్‌మినిస్టర్ ఆరాధన సూచిక ఏ తంతూ లేకుండా పాతిపెట్టమంది. మూఢనమ్మకానికి చోటివ్వకూడదన్న జాగ్రత్త చివరికి దుఃఖితులకు మౌనాన్ని మిగిల్చింది.

ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపించేది ఇంగ్లండు ప్రార్థన పుస్తకంలో. 1549 ప్రతిలో గురువు మన్ను వేస్తూ చనిపోయిన వ్యక్తితోనే నేరుగా మాట్లాడతాడు, నీ ఆత్మను దేవునికి అప్పగిస్తున్నానంటాడు. మూడేళ్లకే వచ్చిన 1552 ప్రతిలో ఆ సంబోధన పోయింది. చనిపోయిన మనిషి గురించి చుట్టూ ఉన్నవారికి చెప్పే మాటలే మిగిలాయి. చనిపోయినవారు సంఘంలో భాగం కాకుండా పోయిన క్షణమిదేనని చరిత్రకారుడు ఈమన్ డఫీ వాదించాడు. అప్పగింత మాటల్లోని నిశ్చయమైన నిరీక్షణ ప్రతివారికీ ఎలా వర్తిస్తుందని 1661లో ప్యూరిటన్లు అడిగారు. మంచి ఆశించడమే ప్రేమ లక్షణమని బిషప్పులు బదులిచ్చారు. ఆ బిషప్పుల సంఘమే 1662 ప్రతిలో బాప్తిస్మం లేనివారికి, వెలివేయబడినవారికి, ఆత్మహత్య చేసుకున్నవారికి ఈ క్రమం వాడరాదని నిబంధన పెట్టింది.

కేథలిక్ సంఘంలో మలుపు రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. అంత్యక్రియల్లో పునరుత్థాన స్వభావం స్పష్టంగా కనిపించాలని 1963లో అది చెప్పింది. 1969లో వచ్చిన కొత్త క్రమం ఇంటి దగ్గర జాగరణ, గుడిలో పూజ, సమాధి దగ్గర అప్పగింత అనే మూడు మజిలీలను నిలబెట్టింది. తీర్పు దినపు భయాన్ని పాడే పాత లాటిన్ గీతం పూజలోంచి తప్పుకుంది. నల్ల వస్త్రాలతో పాటు తెలుపు, ఊదా కూడా వచ్చాయి.

నేటి నాలుగు ధోరణులు

ఇప్పుడున్న అభిప్రాయాలను స్థూలంగా నాలుగుగా విడదీయవచ్చు.

- అప్పగింత ధోరణి (కేథలిక్, ఆర్థడాక్స్, కొంతమేర ఆంగ్లికన్): కేంద్రం చనిపోయిన వ్యక్తి. వారి కోసం ప్రార్థన ఉంటుంది, వీలైనంతవరకు శరీరం ఎదుట ఉండాలి. కేథలిక్ నియమం ప్రకారం పూజలో క్లుప్త ప్రసంగమే ఉండాలి, పొగడ్తల ఉపన్యాసం కూడదు. బలం: శోకం ఎంత తీవ్రమైనా ఏం చేయాలో క్రమమే చెబుతుంది. బలహీనత: ఆ మనిషి ప్రత్యేకత వినిపించకపోవచ్చు.
- ప్రకటన ధోరణి (లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు): కేంద్రం వాక్యం. చనిపోయినవారి కోసం ప్రార్థన ఉండదు, కుటుంబం కోసమే ఉంటుంది. బలం: నిరీక్షణ సూటిగా వినిపిస్తుంది. బలహీనత: ప్రసంగం మారుమనస్సు పిలుపుగా మారి, ఏడ్చేవారు వెనక్కి వెళ్లిపోవచ్చు.
- స్మరణ ధోరణి (పాశ్చాత్య నగరాల్లో బాగా పెరిగింది): కేంద్రం జీవిత కథ. ఫొటోలు, జ్ఞాపకాలు, ఇష్టమైన పాటలు. పెట్టె లేకుండా తర్వాతెప్పుడో జరిపే కూడికలూ ఇందులోవే. బలం: ఆ మనిషి కళ్ల ముందు నిలుస్తాడు. బలహీనత: మరణం అనే మాటే పక్కకు జరుగుతుంది.
- విలాప ధోరణి (గత నలభై ఏళ్లలో వేదాంతుల నుంచి వచ్చింది): కేంద్రం దుఃఖం. కీర్తనల గ్రంథంలో మొరపెట్టే కీర్తనలు అన్నున్నా ఆరాధనలో అవి వినిపించకపోవడం పెద్ద నష్టమని వాల్టర్ బ్రూగమన్ 1986లో వాదించాడు. బలం: అబద్ధమాడని ప్రార్థన. బలహీనత: ఆరాధన బాధ దగ్గరే ఆగిపోయే ప్రమాదం.

ఈ విభజన రేఖలు గట్టి గోడలు కావు. అమెరికన్ వేదాంతి థామస్ లాంగ్ 2009 నాటి పుస్తకంలో, తాను ప్రొటెస్టంటు అయ్యుండీ, శరీరం లేని స్మరణ కూడికలను విమర్శించాడు. అంత్యక్రియలంటే చనిపోయిన పరిశుద్ధుణ్ణి పాడుతూ చివరిదాకా సాగనంపడమే అన్నది ఆయన వాదం. మరోవైపు ఇంగ్లండు సంఘం 2000లో వెలువరించిన క్రమాల్లో మరణశయ్య దగ్గర, అంత్యక్రియల ముందు, ఆ తర్వాత జరిపే ప్రార్థనలకు, పిల్లల మరణానికి విడివిడిగా చోటు కల్పించింది. పని పెరిగినప్పుడు దాన్ని పలు ఘట్టాలకు పంచాలన్న గుర్తింపు ఇందులో ఉంది.

ఆదరణ మాటలు: ఏది ఊరట, ఏది గాయం?

యోబు స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాటా అనలేదు. వివరణ మొదలుపెట్టినప్పుడే వాళ్లు దారి తప్పారు. పుస్తకం చివర దేవుడు తప్పుపట్టింది వాళ్ల మాటలనే. అయితే మౌనమే ఆదరణ అని దీన్నుంచి తేల్చేయలేం. ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండని పౌలు థెస్సలొనీకలోని సంఘమంతటికీ చెప్పాడు. ఆ పని పాస్టరుగారి ఒక్కరిదే అనలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో మనస్తత్వశాస్త్రం ఈ చర్చలోకి వచ్చింది. మనోవైద్యురాలు కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన, మరణాన్ని ఎదుర్కొనే అయిదు దశలు సంఘాల్లో బాగా ప్రచారమయ్యాయి. కానీ ఆమె ప్రధానంగా మాట్లాడింది మరణానికి దగ్గరైన రోగులతో. ఆ దశలను కొలబద్ద చేసుకుని, ఇంకా కోపంగానే ఉన్నారేమిటని దుఃఖితులను అడగడం ఆ పరిశోధనను దాటిపోవడమే. చనిపోయినవారిని మరిచిపోవడమే స్వస్థత అన్న పాత అభిప్రాయాన్ని 1996లో వచ్చిన ‘కొనసాగే బంధాలు’ సిద్ధాంతం కాదంది. మనిషి బాధలోకీ బతుకు పనుల్లోకీ అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడని 1999లో స్ట్రోబె, షూట్ ప్రతిపాదించారు. మళ్లీ నవ్వినందుకు నేరభావం, మళ్లీ ఏడ్చినందుకు అవిశ్వాసమన్న నింద, రెండూ అక్కర్లేదని దీని సారం.

విశ్వాసులైన రచయితలు తమ దుఃఖాన్ని తామే రాసినప్పుడు చర్చ ఇంకా పదునెక్కింది. సి.ఎస్. లూయిస్ భార్య మరణం తర్వాత 1961లో మారుపేరుతో వెలువరించిన పుస్తకంలో ఓదార్పు మాటల మీద చిరాకు దాచుకోలేదు. కొడుకును పోగొట్టుకున్న తత్వవేత్త నికొలస్ వోల్టర్‌స్టార్ఫ్ 1987లో, తన పక్కన కూర్చోగలవారే తనకు కావాలని రాశాడు. ఇద్దరూ విశ్వాసం వదులుకోలేదు. త్వరపడి చెప్పే జవాబులను మాత్రం వద్దనుకున్నారు.

సందర్భం తెంచేస్తే మంచి మాట కూడా ఎలా మారిపోతుందో చెప్పడానికి హెన్రీ స్కాట్ హాలండ్ ఉదంతం చాలు. 1910లో రాజు ఏడో ఎడ్వర్డ్ మరణించినప్పుడు లండన్ సెయింట్ పాల్ దేవాలయంలో ఆయన ప్రసంగించాడు. మరణం ఏమీ కాదు, పక్కగదిలోకి వెళ్లడం వంటిదేనన్న భాగం నేడు ప్రపంచమంతటా అంత్యక్రియల్లో చదువుతారు. ఆ ప్రసంగం మొదలైంది మాత్రం మరణపు భీకరత్వంతో. రెండు అనుభవాలనూ ఎదురెదురుగా నిలపడమే ఆయన ఉద్దేశం. లోకం సగమే ఉంచుకుంది.

ఈ వాదాలన్నీ పక్కపక్కన పెడితే ఒక తేడా తేటపడుతుంది. సంఘమంతా గొంతు కలిపి, మృతుల పునరుత్థానాన్ని నమ్ముతున్నామని ఒప్పుకున్నప్పుడు ఆ మాట దుఃఖితుణ్ణి మోస్తుంది. అతను ఆ రోజు నమ్మలేకపోయినా అతని బదులు మిగతావారు పలుకుతారు. ఒకరు అతని చెయ్యి పట్టుకుని, దేవుడికి మీ పాప కావాల్సి వచ్చిందనో, మీకు పాఠం నేర్పడానికనో కారణం చెప్పినప్పుడు అదే విశ్వాసం బరువై కూర్చుంటుంది. మొదటిది నిరీక్షణ, రెండోది వివరణ. సంఘ చరిత్రలో నిరీక్షణకు గట్టి ఆధారముంది. ఫలానా మరణం ఫలానా కారణం చేత జరిగిందని చెప్పే వివరణకు యోబు గ్రంథంలోనే చెక్ పడింది.

తెలుగు సంఘాల దారి

1840లో నెల్లూరికి బాప్టిస్టులు, 1842లో గుంటూరుకు లూథరన్లు వచ్చారు. ఎవరి దేశపు క్రమాన్ని వారు తెచ్చుకున్నారు. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ ధారలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. పుస్తకంలోని క్రమం ఎక్కడిదైనా దాని చుట్టూ అల్లుకున్న ఆచరణ మాత్రం ఇక్కడిదే: ఇంటి ముందు రాత్రంతా కీర్తనలు, తెల్లబట్టలు, సమాధి మీద గుప్పెడు మన్ను, కొన్నిచోట్ల మూడో రోజు ప్రార్థన, ఆ తర్వాత ఆదరణ కూడిక, భోజనాలు, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక.

ఈ కూడికల మీద రెండు అభిప్రాయాలు గట్టిగా ఉన్నాయి. ఇది పెద్దకర్మకు క్రైస్తవ వేషమని, అప్పు చేసి భోజనాలు పెట్టించే భారమని కొందరు బోధకులంటారు. స్మరణ దినాలు తొలి శతాబ్దాల నుంచీ ఉన్నవేనని, చుట్టుపక్కల హిందూ బంధువులు కూడా కూర్చోగల చోటు ఇదొక్కటేనని మరికొందరంటారు. భోజనాల ఖర్చు మీది అభ్యంతరం న్యాయమైనదే. రోజుల లెక్క మీది అభ్యంతరానికి చరిత్ర అంత ఆధారం ఇవ్వదు. వితంతువు గాజులు, బొట్టు తీసే తంతు అక్కడక్కడా మిగిలి ఉండటం వేరే సంగతి. దాన్ని సమర్థించే సంఘ బోధ ఏదీ లేదు.

సమాధులను దర్శించే రోజుల్లోనూ తేడా ఉంది. కేథలిక్కులు నవంబరు 2న సున్నం వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. చాలా ప్రొటెస్టంటు సంఘాలు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలోనే ఆరాధన జరుపుతాయి. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మీద ఇద్దరికీ పడదు గాని, వారిని తలుచుకోవడానికి ఒక రోజు కావాలన్న దగ్గర ఇద్దరూ ఒకటే.

భూస్థాపన ప్రసంగంపై వాదం ఇంకా వేడిగా ఉంది. విందు ఇంటికన్నా ఏడుపు ఇంటికి వెళ్లడం మేలన్న ప్రసంగి గ్రంథపు మాటను ఆసరా చేసుకుని, ఇదే సువార్త చెప్పాల్సిన సమయమని ఒక పక్షం అంటుంది. ఎండలో నిలబడ్డ కుటుంబం కదలలేని స్థితిలో ఉన్నప్పుడు మిగతావారిని ఉద్దేశించి గంటసేపు మాట్లాడటం దుఃఖితుల సమయాన్ని తీసేసుకోవడమేనని మరో పక్షం అంటుంది. రెండో పక్షం వాదనలో బరువుంది. నిరీక్షణ ప్రకటనకు పది నిమిషాలు చాలు. ఎక్కువ చెప్పాల్సి ఉంటే ఆదరణ కూడిక ఉండనే ఉంది.

తేలని ప్రశ్నలు

*దహనం.* కేథలిక్ సంఘం 1886లో నిషేధించి, 1963లో అనుమతించింది. చితాభస్మాన్ని చల్లకూడదని, ఇంట్లో ఉంచుకోకూడదని 2016లో చెప్పింది. కొద్ది భాగాన్ని చనిపోయినవారికి ముఖ్యమైన చోట ఉంచేందుకు 2023 చివర్లో సడలింపు ఇచ్చింది. ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ ఒప్పుకోవు. కొవిడ్ కాలంలో 2020 జులైలో కేరళలోని అలప్పుళ లాటిన్ మేత్రాసనం దహనానికి దారి తెరిచింది. పాత సమాధులనే మళ్లీ తవ్వాల్సి వస్తున్న నగరాల్లో ఈ చర్చ తెలుగు సంఘాల గడపా తొక్కింది. సిద్ధాంతపరంగా అడ్డు తక్కువే. జనం మనసు ఒప్పుకోవడమే మిగిలింది.

*ఆత్మహత్య, శిశు మరణం.* ఆత్మహత్య చేసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించే నిబంధన 1917 నాటి కేథలిక్ న్యాయసంహితలో ఉంది, 1983 సంహితలో లేదు. బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుల రక్షణపై ఆశపడటానికి ఆధారాలున్నాయని వాటికన్ వేదాంత సంఘం 2007లో తెలిపింది. ప్రొటెస్టంటు సంఘాల్లో నిర్ణయం ఎక్కువగా స్థానిక పెద్దల మీదే ఉంటుంది. ఒకే ఊళ్లో ఒక గుడి తలుపు తెరుచుకోవడం, మరో గుడి తలుపు మూసుకోవడం అందుకే.

*నేల.* మరణం అందరినీ సమానం చేస్తుందన్న భావానికి తెలుగులో గొప్ప గొంతునిచ్చిన కవి జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడే. అయినా తిరుచిరాపల్లిలోని ఒక కేథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేసే గోడ ఎన్నో ఏళ్లుగా వివాదంగా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక పాస్టరు భౌతికకాయాన్ని సొంత ఊళ్లో పాతిపెట్టే విషయంలో 2025 జనవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాలు చీలాయి. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలోనే ఖననం చేయాల్సి వచ్చింది. ఆదరణ మాటలపై ఎంత చర్చించినా, పాతిపెట్టడానికి చోటు లేని కుటుంబానికి మొదటి ఆదరణ ఆరడుగుల నేలే.

*దూరం.* గల్ఫ్ నుంచి భౌతికకాయం రావడానికి రోజులు పడుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ తెరమీదే భూస్థాపన చూస్తారు. శరీరం లేని కూడికను లాంగ్ వంటివారు విమర్శించింది సుఖం కోరి చేసే ఎంపికగా. వలస బతుకులో అది ఎంపిక కాదు. ఇలాంటి కుటుంబాలకు సరిపడే క్రమాన్ని సంఘాలు ఇంకా రాసుకోవాల్సే ఉంది.

ఎక్కడ నిలిచాం

రెండు వేల ఏళ్ల అనుభవం చెప్పేది ఒకటుంది. మూడు పనుల్లో దేన్ని తీసేసినా లోటే. చనిపోయినవారిని వదిలేస్తే వెస్ట్‌మినిస్టర్ మౌనం మిగులుతుంది. ప్రకటనను వదిలేస్తే జ్ఞాపకాల సభ మిగులుతుంది. దుఃఖితులను వదిలేస్తే ప్రసంగం మిగులుతుంది. మూడింటినీ ఒకే గంటలో కుక్కినప్పుడు బలంగా మాట్లాడగలిగేవారిదే పైచేయి అవుతుంది, ఏడ్చేవారిది కాదు. మరణశయ్య ప్రార్థన, భూస్థాపన, ఆదరణ కూడిక, ఏడాది స్మరణ అన్న వరుస తెలుగు సంఘాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని అనుమానంగా చూడటం మాని, ఏ ఘట్టంలో ఏ పని జరగాలో తేల్చుకుంటే సగం వివాదాలు సద్దుమణుగుతాయి. శుద్ధీకరణ స్థలం, చనిపోయినవారి కోసం ప్రార్థన వంటి మిగతా సగం సిద్ధాంత భేదాలు. అవి ఏ ఏర్పాటుతోనూ తీరవు, ఇంకా చాలాకాలం ఉంటాయి. వాటిని సమాధి గట్టున తేల్చుకోవాలని చూడకపోవడమే ఇప్పటికి సంఘాల చేతిలో ఉన్న పని.